పెద్దవ్వ పుట్టిన ఊరు

నేను మారిషస్‌లో పుట్టి పెరిగాను. అక్కడే ఒక ప్రభుత్వ పాఠశాలలో పిల్లలకు తెలుగు చెబుతాను. మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటున్న కథ ఒకటి ఉంది. మా మూలపురుషుడు విశాఖపట్నం వైపు నుంచి భార్యను వెంటబెట్టుకుని ఓడెక్కాడు, చెరకు తోటల్లో చాకిరీ చేశాడు, ఒక కొడుకును కన్నాడు, జ్వరమొచ్చి పోయాడు. ఆయనది సింహాద్రి అప్పన్న పేరు. ఆ పేరే ఇప్పుడు మా ఇంటిపేరు. కథలో ఆయన భార్యకు మాత్రం పేరు లేదు. మా తాత ఆమెను ‘పెద్దవ్వ’ అనేవాడు. ఆయనకూ అంతకుమించి తెలియదు. నేనూ ఇక్కడ పెద్దవ్వ అనే రాస్తాను.

మారిషస్ తెలుగువాళ్లలో చాలామందికి ఇంటిపేరుగా ఉన్నది ఓడ దిగిన తాత సొంత పేరే. రేవులో గుమాస్తా పేరడిగాడు, చెప్పింది చెవికి వినబడినట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. తరువాతి తరం పుట్టినప్పుడు తండ్రి పేరు ఇంటిపేరై కూర్చుంది. అసలు ఇంటిపేరు, గోత్రం చాలా కుటుంబాల్లో ఆ బల్ల దగ్గరే పోయాయి. మిగిలినవి సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, దీపం చుట్టూ తిరుగుతూ చేసే రామభజన, ఉగాది. ఉగాదికి మా దేశంలో ప్రభుత్వ సెలవు ఉంది. ఇన్ని మిగిలినా ఊరి పేరు మిగలలేదే అని నాకు చిన్నప్పటినుంచీ ఉండేది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న రోజుల్లో సింహాచలం కొండెక్కిన ప్రతిసారీ, మావాళ్లది ఈ చుట్టుపక్కల ఏ ఊరో అనుకునేదాన్ని. వెతకడం ఎలాగో అప్పుడు తెలియలేదు.

నాన్న పోయాక ఆయన కాగితాలు సర్దుతుండగా తమ్ముడు అడిగాడు, “అక్కా, మోకా వెళ్లి చూద్దామా?” అని.

మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో వలస కూలీల రికార్డులు భద్రంగా ఉన్నాయి. ఒప్పంద కూలీలతో అట్లాస్ అనే ఓడ 1834 నవంబరు 2న పోర్ట్ లూయీ చేరింది. అప్పటినుంచి 1910 దాకా భారతదేశం నుంచి సుమారు నాలుగున్నర లక్షలమంది అలా వచ్చారు. ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చారు. ఆ నంబరు దొరికితే మనిషి దొరికినట్టే. అది దొరకాలంటే మనం మన దగ్గరనుంచి వెనక్కి నడవాలి. మన జనన పత్రం, అమ్మానాన్నల వివాహ పత్రం, తాత జనన పత్రం, ముత్తాతది, ఆయన తండ్రిది, ఇలా పౌర నమోదు కార్యాలయం నుంచి ఒక్కో తరానికీ నకలు తీయించుకోవాలి. ఒకే మనిషి పేరు మూడు పత్రాల్లో మూడు రకాలుగా ఉంటుంది. ఆ మూడు పేర్లూ ఒకే మనిషివి అని తేల్చుకోవడానికి తల్లి పేరు, తోట పేరు, సాక్షుల పేర్లు సరిచూసుకోవాలి. విసుగొచ్చే పని అని ముందే చెబుతున్నాను. కానీ ఒక్క తరం తప్పినా వేరే కుటుంబంలోకి వెళ్లిపోతాం.

మాకు అసలు దారి తెరిచింది ముత్తాత తండ్రి జనన నమోదు, 1862 నాటిది. అందులో తండ్రి పేరు, పక్కన ఆయన వలస నంబరు ఉన్నాయి. ఇంతకుముందు మా కుటుంబంలో కాగితాలు తీసిన చిన్నాన్న ఒకరు ఆ నంబరుతోనే మోకా వెళ్లి, మూలపురుషుడి వివరాలు తెచ్చారు. జిల్లా విశాఖపట్నం అని ఉంది. ఊరి పేరున్న చోట సిరా అలుక్కుపోయింది. కథ అక్కడితో ఆగిపోయింది. ఆ జనన నమోదులోనే కింది వరుసలో తల్లి పేరు, ఆమె నంబరు కూడా ఉన్నాయి. ఆ నంబరు పట్టుకుని వెళ్లినవాళ్లు ఎవరూ లేరు.

రెండు నంబర్లూ పక్కపక్కన రాసి చూస్తే మధ్యలో వేల తేడా ఉంది. నంబర్లు వచ్చిన వరుసలో ఇచ్చేవారు. అంటే ఇద్దరూ ఒక ఓడలో రాలేదు. ఆర్కైవ్స్‌లో పనిచేసే ఆవిడ రిజిస్టరు చూసి చెప్పింది కూడా అదే. ఆయన 1856లో వచ్చాడు. ఆమె 1859లో మరో ఓడలో, మద్రాసు రేవు నుంచి వచ్చింది. వెంట వచ్చినవాళ్ల గడి ఖాళీ. భర్త పేరు లేదు, తండ్రి పేరుంది. వయసు ఇరవై రెండు. ఎత్తు అడుగుల్లో, అంగుళాల్లో. గుర్తు: ఎడమ ముంజేతిమీద పచ్చబొట్టు. పనికి కుదుర్చుకున్న తోట పేరు ఉండవలసిన చోట ఏమీ లేదు. ఆ రోజుల్లో మారిషస్ వచ్చిన ఆడవాళ్లలో చాలామందికి ఒప్పందమే ఉండేది కాదు.

అంటే మా ఇంట్లో చెప్పుకున్న కథ నిజం కాదు. ఆయన ఆమెను వెంటబెట్టుకు రాలేదు. ఆమె తనంతట తాను వచ్చింది. ఇద్దరూ ఈ దీవిలోనే కలిశారు. ఆయన నెలకు ఐదు రూపాయల జీతం మీద, ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసే రోజుల్లో బతికాడు. 1867లో దీవి అంతటా మలేరియా విజృంభించినప్పుడు పోయాడు. అయిదేళ్ల కొడుకును పెంచింది ఆమె. మేమందరం ఆ ఒక్క కొడుకు సంతానం. ఆమె పేరు ఎవరూ గుర్తుపెట్టుకోలేదన్న సంగతి ఆ గదిలో కూర్చున్నప్పుడు నాకు చాలా కోపం తెప్పించింది. ఆ కోపమే నన్ను ఊరిదాకా నడిపించింది.

ఆ రోజు ఇంటికి వెళ్లేముందు ఇద్దరం పోర్ట్ లూయీలో, వలస కూలీలు ఓడ దిగిన ఆప్రవాసీ ఘాట్‌కు వెళ్లాం. యునెస్కో 2006లో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. రేవు నుంచి పైకి వచ్చే పదహారు మెట్లున్నాయి. చిన్నప్పుడు బడి పిల్లలతో చాలాసార్లు చూసినవే. ఈసారి తమ్ముడు ప్రతి మెట్టు మీదా ఆగి ఆగి ఎక్కాడు.

పెద్దవ్వ కాగితంలో ఊరి పేరు స్పష్టంగా ఉంది. తాలూకా చికాకోల్, జిల్లా గంజాం. గంజాం పేరు చూడగానే ఇప్పుడు ఎవరైనా ఒడిశా అనుకుంటారు. మారిషస్‌లో ఇలాంటి కాగితం పట్టుకున్న రెండు కుటుంబాలు బరంపురం దాకా వెళ్లి ఊరు దొరకక తిరిగివచ్చాయి. అందుకే ఈ సంగతి వివరంగా రాస్తున్నాను. చికాకోల్ అంటే శ్రీకాకుళం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా ఆ తాలూకా గంజాం జిల్లాలో ఉండేది. అప్పుడు విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950లో శ్రీకాకుళం వేరే జిల్లా అయింది. 1979లో విజయనగరం జిల్లా వచ్చింది. 2022లో అనకాపల్లి, పార్వతీపురం మన్యం జిల్లాలు వచ్చాయి. కాబట్టి పాత కాగితంలో ఉన్న జిల్లా పేరును ఇవాళ్టి పటంలో వెతికితే లాభం లేదు. ముందు తాలూకా ఎక్కడుందో చూడాలి, తరువాత ఆ తాలూకా ఏయే మండలాలుగా విడిపోయిందో చూడాలి, ఆ మండలాల జనగణన గ్రామాల జాబితా తీసుకోవాలి, అప్పుడు ఊరి పేరు పోల్చాలి. శ్రీకాకుళంలో అధ్యాపకురాలిగా ఉన్న నా స్నేహితురాలు ఈ జాబితాలన్నీ తీసి పంపింది. విశాఖలో ఒకే గదిలో ఉన్నాం మేము.

పోలిన పేర్లు మూడు దొరికాయి. మూడూ వేర్వేరు చోట్ల. వాటిలో ఒకటి అని తేల్చింది పెద్దవ్వ తండ్రి పేరు. గుమాస్తా ఇంగ్లీషు అక్షరాలు గట్టిగా చదివితే అది కూర్మనాథస్వామి పేరు. విష్ణువును కూర్మావతారంలో పూజించే గుడి శ్రీకూర్మంలో ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ ఆ పేరు ఇంటికొకరికి ఉంటుంది. మూడింటిలో ఒక ఊరు గార మండలంలో, శ్రీకూర్మానికి దగ్గరలోనే ఉంది. నా స్నేహితురాలు ఫోనులో “ఇక ఆలోచించకు, బయలుదేరు” అంది.

ప్రయాణం గురించి చెప్పడానికి ఎక్కువేమీ లేదు. ముంబయి మీదుగా విశాఖ, అక్కడినుంచి రైలులో శ్రీకాకుళం రోడ్డు. స్టేషను ఉన్నది ఆమదాలవలసలో.

ఊరు పేరు రాయడం లేదు. అక్కడివాళ్లు చాలామంది మాతో మనసు విప్పి మాట్లాడారు, అవి పదిమందికీ చెప్పమని కాదు. సముద్రం దగ్గరలోనే ఉంది, సరుగుడు తోటలు, తాటిచెట్లు. ముందు గ్రామ సచివాలయానికి వెళ్లాం. అక్కడి యువకుడు మా కాగితాన్ని ఎంతో శ్రద్ధగా చదివాడు. 1859 నాటివి తమ దగ్గర ఏమీ ఉండవని చెప్పాడు. జమీందారీల కాలంలో ఊరి లెక్కలు కరణాల ఇళ్లలో ఉండేవి, అవి ఎక్కడివక్కడే పోయాయి. అయినా అతను మమ్మల్ని పంపించెయ్యలేదు. కులం గడిలో ఏముందో చూసి, “ఆ వీధికి తీసుకువెళతాను రండి” అన్నాడు.

ఆ గడి విషయం దాచకుండా చెప్పాలి. మారిషస్‌లో మా తరానికి కులం పట్టింపు చాలావరకు పోయింది. మోకాలో ఆ గడి చూసినప్పుడు చదవాలనిపించలేదు. మనిషి ఎత్తు, పచ్చబొట్టు రాసుకున్న చేత్తోనే గుమాస్తా అదీ రాశాడు. కానీ ఇక్కడ ఊరి మొత్తంలో ఒక వీధిని చూపించింది అదే. ఆ వీధిలో నడుస్తున్నంతసేపూ నాకు ఇబ్బందిగానే ఉంది. ఆ ఇబ్బందీ వారసత్వంలో భాగమే అని ఒప్పుకుని నడిచాను.

వీధిలో మొదట అడిగిన ప్రశ్న అందరూ అడిగేదే. “మీ ఇంటిపేరేమిటమ్మా?” మాకు ఉన్నది చెప్పాను. “అది మనిషి పేరు కదా, ఇంటిపేరు చెప్పండి” అన్నారు. జరిగింది చెప్పేసరికి చుట్టూ జనం చేరారు. కుర్చీలు వచ్చాయి. కొబ్బరి బొండాలు వచ్చాయి. ఒక పెద్దాయన కాగితం తీసుకుని, తండ్రి పేరు పైకి చదివి, ఆ పేరు తమ ఇంట్లో మూడు తరాలకోసారి పెడుతున్నారని చెప్పాడు. ఎదురింటాయన తమ ఇంట్లోనూ ఉందన్నాడు. కాసేపు ఇద్దరూ వాదించుకున్నారు. ఎవరి తాతకు ఎవరు అన్నది నాలుగో తరం దాటి ఎవరికీ తెలియదు. పెద్దవ్వ పుట్టింది ఆరేడు తరాల వెనక. మధ్యలో రెండు మూడు తరాలు చీకటి.

అప్పటిదాకా గుమ్మం దగ్గర కూర్చుని వింటున్న ముసలావిడ నన్ను పిలిచింది. ఎనభై దాటి ఉంటాయి. పక్కన కూర్చోమంది. “ఆ అమ్మాయి ఒక్కతే వెళ్లిందా?” అని అడిగింది.

“అవునవ్వా. కాగితంలో వెంట ఎవరూ లేరు.”

“పెళ్లి కాలేదా?”

“తండ్రి పేరే ఉంది. భర్త పేరు లేదు.”

చాలాసేపు మాట్లాడలేదు. ఆమె ముంజేతిమీద పచ్చబొట్టు ఉంది, చుక్కలూ గీతలూ, ఆకుపచ్చ రంగు వెలిసి నల్లబడింది. దాన్ని నేను ఆధారంగా చెప్పడం లేదు. ఆ వయసువాళ్లలో చాలామందికి ఉంది. కానీ మోకాలో రెండే మాటల్లో చదివింది ఎదురుగా ఒక చేతిమీద చూసినప్పుడు, ‘గుర్తు’ అని రాసిన ఆ గడి మొదటిసారి నాకు మనిషిలా కనిపించింది.

“వెళ్లిపోయిన మగవాడి గురించి ఊళ్లో చెప్పుకుంటారమ్మా” అంది చివరికి. “రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లాడు, కలకత్తా వెళ్లాడు, డబ్బు పంపాడు, పంపలేదు, అన్నీ చెప్పుకుంటారు. మా చిన్నాన్న రంగం వెళ్లాడు. ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆడపిల్ల వెళ్లిపోతే ఎవరూ పలకరు. ఆ పేరే ఎత్తరు. నీకు ఇక్కడ కథ దొరకదు.”

సముద్రానికి ఆవల మా ఇంట్లో జరిగింది కూడా అదే. అక్కడ మేము ఆమెను భర్త వెంట ఓడెక్కించి పేరు తీసేశాం. ఇక్కడ వీళ్లు అసలు ఎత్తలేదు. ఆమె ఎందుకు వెళ్లిందో ఎవరూ చెప్పలేరు. కరువా, అప్పా, ఇంట్లో గొడవా, కూలీలను కుదిర్చే మేస్త్రీ మాటలు నమ్మిందా, పెళ్లి తప్పించుకుందా, భర్త పోయిన పిల్లా. ఏదో ఒకటి ఊహించి రాయడం తేలిక. ఆమె విషయంలో ఇప్పటికే ఒక తప్పుడు కథ తరతరాలుగా బతికింది. ఇంకొకటి నేను కట్టను.

లేవబోతుంటే అవ్వ చెయ్యి పట్టుకుని ఆపింది. కోడలిని పిలిచి లోపలికి పంపింది. పసుపు, కుంకుమ, ఒక రవికెల గుడ్డ, అరటిపళ్లు, చిన్న సంచిలో బియ్యం తెప్పించింది. మా ఇంటి పిల్లో, ఎదురింటి పిల్లో, ఈ వీధి పిల్ల అన్నది నిజమే కదా, ఆడపడుచు పిల్లలు పుట్టింటికి వస్తే ఉత్త చేతులతో పంపకూడదు అంది. నాకు బొట్టు పెట్టింది. తమ్ముడికి కొత్త తువ్వాలు ఇచ్చింది. ఇందాక వాదించుకున్న ఎదురింటాయన భార్య కూడా వచ్చి రవికెల గుడ్డ పెట్టింది. ఇన్నేళ్లుగా నేను మాతృభూమి, పూర్వీకుల దేశం అని పెద్ద మాటలు చెబుతూ వచ్చాను. మోకాలో కాగితం చేతికి వచ్చినప్పుడు ఏడవలేదు. అక్కడ ఏడ్చాను.

మేము వెళ్లిన సమయంలో ఊళ్లో గ్రామదేవత పండుగకు చందాలు పోగుచేస్తున్నారు. పసుపునీళ్లు, వేపాకులతో అమ్మవారికి ముర్రాటలు పోస్తామని ఆడవాళ్లు చెబుతుంటే, మా అమ్మోరు పండుగ గురించి చెప్పాను. అక్కడా వేపాకులే, అక్కడా పసుపే. ఫోనులో ఫోటోలు చూపించాను. పిల్లలు ఒకరిమీద ఒకరు పడి చూశారు. “అక్కడ వేపచెట్లు ఉంటాయా?” అని ఒక పాప అడిగింది. ఉంటాయన్నాను.

మర్నాడు శ్రీకూర్మం వెళ్లాం. గుడికి రెండు ధ్వజస్తంభాలు ఉంటాయి, తూర్పున ఒకటి, పడమర ఒకటి. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. ఆవరణలో నక్షత్ర తాబేళ్లను పెంచుతున్నారు. శ్వేతపుష్కరిణి దగ్గర పితృకార్యాలు చేయించుకునేవాళ్లు చాలామంది వస్తారు. తమ్ముడు తర్పణానికి కూర్చున్నాడు. పురోహితుడు గోత్రం అడిగాడు. తెలియదన్నాం. తెలియనివాళ్లకు కశ్యప గోత్రం చెప్పుకోవచ్చన్నారు. మూడు తరాల పేర్లు చెప్పాక, అంతకు పైవాళ్లను పేరుతో పిలవడం ఉండదని, అందరికీ కలిపి విడిచే నీళ్లు ఉంటాయని చెప్పారు. “ఒక్కరిని మాత్రం పేరుతో పిలవాలండీ” అని అడిగాను. ఆయన నా వైపు చూసి, “చెప్పమ్మా” అన్నారు. పెద్దవ్వ పేరు చెప్పాను. మా కుటుంబంలో ఎవరైనా ఆ పేరును గట్టిగా పలకడం ఎన్ని తరాల తరువాతో.

సాయంత్రం కళింగపట్నం వెళ్లాం. వంశధార సముద్రంలో కలిసే చోటు, పాత దీపస్తంభం. ఆమె ఇక్కడినుంచి చిన్న ఓడలో మద్రాసు వెళ్లిందో, కాలినడకన, బండిలో వెళ్లిందో కాగితంలో లేదు.

తిరిగివచ్చాక మా బంధువుల్లో కొందరికి ఈ సంగతి నచ్చలేదు. ఒంటరిగా వచ్చిందని బయటపెట్టడం ఎందుకన్నారు ఒక పెద్దాయన. ఆయనంటే నాకు గౌరవమే. కానీ ఇరవై రెండేళ్ల పిల్ల ఊరు విడిచి, మద్రాసు డిపోలో నిలబడి, నెలకు పైగా ఓడలో ప్రయాణం చేసి, ఎవరూ తెలియని దీవిలో దిగి, ఎనిమిదేళ్లలో మనిషిని పోగొట్టుకుని, బిడ్డను బతికించింది. ఇందులో దాచవలసింది నాకు కనబడలేదు. మా పిల్లలకు గీసిన వంశవృక్షంలో ఇప్పుడు ఆమె పేరు, ఆమె తండ్రి పేరు, ఊరి పేరు ఉన్నాయి.

కాగితాలు వెతికేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఒకటే: తల్లుల నంబర్లు కూడా తీయండి. మగవాళ్ల వైపు ఊరు దొరకలేదని వదిలేసిన కుటుంబాలు మా దీవిలో చాలా ఉన్నాయి. ఏడో తరం మారిషస్ వాళ్లకు కూడా ఓసీఐ కార్డు (విదేశాల్లోని భారత సంతతివాళ్లకు భారత ప్రభుత్వం ఇచ్చేది) ఇస్తామని 2024 మార్చిలో భారత రాష్ట్రపతి ప్రకటించాక, మోకాలో పాత నంబర్లు అడిగేవాళ్లను ఎక్కువగా చూస్తున్నాను. కార్డుకు తండ్రి వైపు కాగితం సరిపోతే అక్కడితో ఆపేస్తున్నారు. అదే రోజు, అదే బల్ల దగ్గర ఇంకొక నంబరు కూడా అడగవచ్చు.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గోదావరి జిల్లాల్లో ఉన్నవాళ్లకూ ఒక మాట. ఇలాంటి కాగితం పట్టుకుని మారిషస్ నుంచో, దక్షిణాఫ్రికా నుంచో, ఫిజీ నుంచో ఎవరైనా వస్తే, ఇంటిపేరు తెలియదని వెనక్కి పంపకండి. మీ ఊరికి పాత పేరు ఉంటే చెప్పండి. పక్కన కలిసిపోయిన పల్లెల పేర్లు చెప్పండి. మీ ఇళ్లలో తిరిగి తిరిగి పెట్టే పేర్లేవో చెప్పండి. ముఖ్యంగా ఇంట్లో ఉన్న ముసలమ్మల దగ్గర కాసేపు కూర్చోబెట్టండి.

నా దగ్గర ఇంకా మూలపురుషుడి కాగితం ఉంది. సిరా అలుక్కున్న చోటును తమ్ముడు పెద్దదిగా చేసి చూస్తే, ఊరి పేరు చివర ‘వలస’ అని చదవడానికి వీలవుతోంది. అలాంటి పేర్లున్న ఊళ్లు ఆ ప్రాంతంలో కోకొల్లలు. నా స్నేహితురాలు పాత విశాఖపట్నం జిల్లా గ్రామాల జాబితా తీయడం మొదలుపెట్టింది. పార్వతీపురం వైపు నుంచి చూసుకుంటూ వస్తానంది.